ఉప్పునీటికి తెరిచిన గట్టు

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఆ చుట్టుపక్కల ఎవరిని అడిగినా గట్టు అనే చెప్పేవారు. వాళ్ల నాన్న సముద్రం వైపు పొలం అంచున పొడవాటి మట్టి గట్టు పోయించాడు. పొద్దున ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి దాని మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా నడవకపోతే ఆయనకు ముద్ద దిగేది కాదు. ఎండ్రకాయ బొక్క కనిపిస్తే చాలు, ఆ ఎండ్రకాయ వంశాన్నంతా తిట్టిపోసి, బొక్కలో మట్టి కుక్కి, మడమతో తొక్కి గానీ కదిలేవాడు కాదు.

కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది. వాన మీద కోపం, ఎండ మీద కోపం, వదులైన పార పిడి మీద కోపం. ఇంట్లోవాళ్లు దానికి అలవాటుపడిపోయారు. "ఈయన అరవని రోజు నాకు భయమేస్తుంది, ఒళ్లు కాలుతోందేమోనని నుదురు పట్టుకు చూస్తాను" అనేది ఆయన భార్య.

అంత కాపలా కాసినా ఉప్పు రానే వచ్చింది. గట్టు మీదుగా రాలేదు, నేల అడుగు నుంచి వచ్చింది. దిగువ మళ్లలో వరి ఆకుల కొనలు మాడిపోవడం మొదలైంది. మరుసటి ఏడు ఆరిన మడి మీద సున్నం చల్లినట్టు తెల్లటి పొర కట్టింది. పై మట్టి గీకి పారబోశాడు. ఎరువుల కొట్టువాడు ఏది ఇస్తే అది తెచ్చి చల్లాడు. ఇవన్నీ కాదు, కాలవ నీళ్లు పుష్కలంగా పెట్టి కడిగితే ఉప్పు దిగిపోతుందని ఆయన గట్టి నమ్మకం. ఆ కాలవ నీళ్లే దిగువ మళ్ల దాకా వచ్చేవి కావు. ఎగువ మళ్లలో మాత్రం పంట ఇంకా నిలబడుతూనే ఉంది.

చెల్లెలు అదే ఎండాకాలంలో వచ్చింది. ఆమె అన్న కన్నా బాగా చిన్నది. దూరంగా ఒక పెద్ద నగరంలో మట్టి మీద పరిశోధన చేసే సంస్థలో శాస్త్రవేత్త. అన్న పది మాటలు అరిచే చోట ఆమె ఒక మాట మెల్లగా అని ఊరుకునే రకం. తమ సంస్థ సముద్రం పక్కన ఒక పొలం కోసం వెతుకుతోందని భోజనాల దగ్గర చెప్పింది. పొలం మీ పేరు మీదే ఉంటుంది, వాడకం మాత్రం సంస్థది. ఇంటి ముందు భాగం, కొట్టాలు, ధాన్యపు గది పరిశోధన కేంద్రం అవుతాయి. అన్నా వదినా వెనక గదుల్లో ఉండొచ్చు.

"మరి దిగువ మళ్లేం చేస్తారు?" అని అడిగాడు గట్టు.

"గట్టు దగ్గర మార్పులు చేసి నీళ్లు రానిస్తాం. ఉప్పు నేలలో ఎలా కదులుతుందో చూస్తాం."

నీళ్లు రానిస్తాం అనే మాట వినగానే ఆయన మొహం వెలిగిపోయింది. ఎన్నేళ్లుగానో అధికారుల చుట్టూ తిరిగినా రాని కాలవ నీళ్లు చెల్లెలి పలుకుబడితో వస్తున్నాయనుకున్నాడు. ఆ పూట అన్నం రెండుసార్లు వడ్డించుకున్నాడు. చదువుకున్న చెల్లెలుంటే ఇదీ లాభం అని భార్యతో అన్నాడు. చెల్లెలు కంచం లోకి చూస్తూ మెతుకులు కెలికింది. తర్వాత కాగితాలు వచ్చాయి. సంస్థ మనిషి చదివి వినిపిస్తానంటే, మా చెల్లెలు చదివింది చాలు అని సంతకం పెట్టేశాడు.

ఇక ఇల్లు ఇల్లులా లేకుండా పోయింది. పశువుల కొట్టానికి నున్నటి గచ్చు, తెల్లటి పెంకులు, గోడ పొడుగునా కుళాయిలు వచ్చాయి. ధాన్యపు గదిలో ఇనుప అరలు బిగించి, వాటిలో మట్టి నింపిన గాజు గొట్టాలు వరుసగా నిలబెట్టారు. నాన్న పడుకున్న గది డైరెక్టరు ఆఫీసు అయింది. బావి మీద 'తాగరాదు' అని బోర్డు పెట్టారు. నలభై ఏళ్లుగా తాగుతున్నాను, ఇప్పుడు తాగరాదట అని గట్టు వాళ్లు చూస్తుండగానే బకెట్టు తోడుకుని గటగటా తాగి, ఉప్పగా ఉందని మాత్రం ఎవరికీ చెప్పలేదు. పెద్దమడి, వంకరమడి, అమ్మమ్మమడి అని పిలుచుకున్న మళ్లకు అంకెలు వచ్చాయి. అమ్మమ్మమడి మూడో ప్లాటు అయింది.

ఇవన్నీ ఆయన పళ్ల బిగువున భరించాడు. కాలవ నీళ్లు వస్తాయి కదా, అప్పుడు వీళ్ల పెంకులూ అంకెలూ నన్నేం చేస్తాయిలే అనుకున్నాడు.

ఒకరోజు డైరెక్టరు అందరినీ పిలిచి బల్ల మీద పొలం పటం పరిచాడు. డైరెక్టరు మర్యాదస్థుడు, ఎవరి మీదా గొంతు పెంచడు. గట్టుకు అసలు ఒళ్లు మండేది అక్కడే. అరిస్తే తిరిగి అరవచ్చు, నవ్వుతూ చెప్పేవాడిని ఏం చేస్తాం. పటంలో దిగువ మళ్లన్నీ నీలం రంగులో ఉన్నాయి. ఇదేంటని అడిగాడు గట్టు. పోటు సమయంలో సముద్రపు నీరు వచ్చే మేర అని డైరెక్టరు చెప్పాడు. ఎక్కడి నుంచి వస్తుందని మళ్లీ అడిగాడు. ఇక్కడ గట్టు కోస్తాం కదండీ, అని డైరెక్టరు పెన్నుతో ఒక చోట తట్టాడు.

గట్టు చెల్లెలి వైపు తిరిగాడు.

"ఏ నీళ్లు రానిస్తామన్నావు నువ్వు?"

"ఉప్పునీళ్లు, అన్నయ్యా."

డైరెక్టరు ఏదో చెబుతున్నాడు. సముద్రం ఎత్తు పెరుగుతోంది, రేపు ఈ తీరం పొడుగునా ఎన్నో పొలాలు ఇలాగే మునుగుతాయి, మొదటి రోజు నుంచి దగ్గరుండి గమనిస్తే ఆ నేలల్లో ఏం బతుకుతుందో తెలుస్తుంది, మిగిలిన రైతులకు ముందే చెప్పొచ్చు అంటున్నాడు. గట్టుకు సగం వినిపించింది, సగం వినిపించలేదు.

"అంటే, చచ్చేవాడి మంచం పక్కన కూర్చుని నాడి చూస్తారు. మందు మాత్రం పొయ్యరు."

"మందు లేదండీ," అన్నాడు డైరెక్టరు, అదే మర్యాదతో.

గట్టు పటాన్ని రెండు చేతులా లాగి, ఉండచుట్టి, కిటికీ లోంచి పెరట్లోకి విసిరేశాడు. నాన్న గదిలో నిలబడి నాన్న గట్టును కోస్తామంటారా అని, కోసేవాడి చేతులు విరిచేస్తానని, ఈ ఇంట్లో మీరు తాగిన నీళ్లన్నీ కక్కిస్తానని నోటికొచ్చినట్టు తిట్టాడు. వెనక గదికి వచ్చాక కూడా వదల్లేదు. భార్య అంతా విని, "సంతకం పెట్టేటప్పుడు ఆ నోరు ఎక్కడ పెట్టారు?" అని అడిగింది. ఆయన ఆమె మీద కూడా కోప్పడ్డాడు.

అయినా చెల్లెలి మీద ఆయన మనసు ఇంకా పూర్తిగా విరిగిపోలేదు. దానికీ సరిగా చెప్పి ఉండరు, చదువుకున్నవాళ్లు ఒకళ్ల చెవిలో ఒకళ్లు పువ్వులు పెట్టుకుంటారు, అది కూడా మోసపోయి ఉంటుంది అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

వారం తిరక్కుండా పొక్లెయిన్ వచ్చింది. ఆయన అడ్డుపడతాడని డైరెక్టరు ఇద్దరు కాపలావాళ్లను కూడా తెచ్చుకున్నాడు. అడ్డుపడలేదు. వెనక గదిలో తలుపు వేసుకుని కూర్చున్నాడు. ఇంజను రొద, మట్టి విరిగిపడే చప్పుడు గోడల గుండా వచ్చాయి. రొద ఆగాక ఇంట్లోకి ఉప్పు వాసన వచ్చింది. భార్య లేచి కిటికీ మూసింది. మూసినా వచ్చింది.

తెల్లారగానే పార భుజాన వేసుకుని, ఖాళీ బస్తాలు చంకన పెట్టుకుని బయలుదేరాడు. కూలికి వచ్చే ఇద్దరిని అడిగితే వాళ్లు ఇబ్బందిగా కాళ్ల వైపు చూసుకున్నారు. వాళ్లు ఇప్పుడు కేంద్రంలో పని చేస్తున్నారు. చేసుకోండి, మీ డైరెక్టరు గొట్టాలు కడుక్కోండి అని తిట్టి ముందుకు నడిచాడు. వెనక అడుగుల చప్పుడు వినిపిస్తే చూశాడు. భార్య. "ఎవరో ఒకరు బస్తా మూతి పట్టుకోవాలి కదా" అంది, అంతే.

పాటు సమయంలో నీళ్లు వెనక్కి తగ్గినప్పుడల్లా ఇద్దరూ కోత పూడ్చారు. ఆమె మూతి తెరిచి పట్టుకుంటే ఆయన మట్టి నింపాడు. నడుములు పట్టేశాయి. బొబ్బలు చితికాయి. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు దిగువ మళ్లలోకి దిగి, కేంద్రంవాళ్లు నేలలో దిగేసిన కొలత గొట్టాలను ఒక్కొక్కటే పెరికాడు. వాటిని విరగ్గొట్టలేదు. బురద పోయేలా శుభ్రంగా కడిగి, డైరెక్టరు గది గుమ్మం ముందు పేర్చి వచ్చాడు. విరగ్గొడితే కోపంలో చేశాడంటారు, తాను ఆలోచించే చేశానని వాళ్లకు తెలియాలని ఆయన పంతం.

డైరెక్టరు మొదటిసారి గొంతు పెంచాడట. పోలీసులను పిలుస్తానంటే చెల్లెలు ఒక్కరోజు ఆగమని బతిమాలి, తనే కోత దగ్గరికి వచ్చింది. ఆఫీసు బూట్లు బురదలో దిగబడి ఒకటి ఊడిపోయింది. దాన్ని చేత్తో పట్టుకుని, ఒంటి బూటుతో కుంటుతూ వచ్చింది.

"అక్కడే నిలబడి మాట్లాడు," అన్నాడు గట్టు.

ఆమె అక్కడే నిలబడింది. ఈ గొట్టాలు పీకడంతో ఈ కాలానికి తీయాల్సిన కొలతలన్నీ పోయాయని, అయినా దాని కోసం రాలేదని చెప్పింది. గట్టు పార ఆపలేదు.

"నీళ్లు రానిస్తామని నీకు చెప్పాను కదా అన్నయ్యా."

"ఏ నీళ్లో చెప్పావా?"

వదిన బస్తా మూతి వదలకుండానే చెల్లెలి వైపు చూసింది.

"చెప్పలేదు. నువ్వు కాలవ నీళ్లనుకున్నావని నాకు ఆ పూటే తెలుసు. నీ మొహంలోనే కనిపించింది. విడమరిచి చెబితే సంతకం పెట్టవని ఊరుకున్నాను."

గట్టు చేతిలో పార ఆగిపోయింది. భార్య ఆయన అరుస్తాడనుకుని ఎదురుచూసింది. ఆయన అరవలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఆయనకు కోపం వచ్చి అరవకపోవడం ఆమె చూడటం అదే మొదలు. పారను బురదలోకి పిడి దాకా దిగేసి, దాన్ని ఆనుకుని నిలబడ్డాడు.

"వాళ్లు నిన్ను కూడా మోసం చేశారనుకున్నాను," అన్నాడు చివరికి. "రెండు వారాలుగా వాళ్లను తిడుతున్నాను, నీ తరఫున."

"ఎవరూ నన్ను మోసం చెయ్యలేదు."

"మరి ఎందుకు చేశావు?"

"నాన్న నన్ను ఈ గట్టు ఎక్కనిచ్చాడా ఎప్పుడైనా?" చెల్లెలి గొంతు కూడా మారింది. "నీ వెనకాల పరిగెత్తుకుంటూ వచ్చేదాన్ని. వాడిది పొలం, నీది చదువు, లోపలికి పో అని చెయ్యి పట్టుకుని దింపేసేవాడు. పంపకం అక్కడే అయిపోయింది. నన్ను అడిగిందెవరు? మట్టి చదువే చదివాను, దీన్ని తాకడానికి నాకు ఇంకో దారి లేక. ఇది పోతుందని నాకు తెలుసు. నీకూ తెలుసు, బావి నీళ్లు తాగి నోరు మూసుకున్నావు. పోయేటప్పుడైనా నేను దగ్గరుండాలనుకున్నాను. కోపం నీ ఒక్కడికే ఉందనుకుంటావు నువ్వు. ఈ ఇంట్లో ఇంకెవరూ కోప్పడటానికి చోటు మిగల్చలేదు."

"నాన్న చేసింది నాన్నను అడగాల్సింది. బతికున్నన్నాళ్లూ అడగలేదే. దానికి నా చేత గుడ్డి సంతకం పెట్టిస్తావా?"

"పెట్టించాను. తప్పే. తప్పని తెలిసే చేశాను."

"అయితే నీ సామాను సర్దుకుని మా ఇంట్లోంచి పో."

"అది ఇల్లు కాదన్నయ్యా, ఆఫీసు. నువ్వే ఇచ్చావు."

ఆమె హాస్యానికి అనలేదు, ఉన్న మాటే అంది. కానీ బస్తా పట్టుకున్న వదినకు ఎందుకో నవ్వు తన్నుకొచ్చింది. అన్నా చెల్లెలూ ఒకేసారి ఆమె వైపు ఉరిమి చూశారు. ఆమె బస్తా వదిలేసి, "ఇద్దరూ అచ్చం మామయ్యగారే" అని చేతులు దులుపుకుని ఇంటిదారి పట్టింది.

ఆ తర్వాత కొన్ని రోజుల పాటు ఎవరూ ఎవరితో మాట్లాడలేదు. చెల్లెలు డైరెక్టరుకు ఏం సర్దిచెప్పిందో గానీ, పోలీసులు రాలేదు. గట్టు ఒంటరిగానే కోత పూడ్చడం పూర్తి చేశాడు.

పున్నమికి పెద్ద పోటు వచ్చింది. పొద్దున్నే ఆయన గట్టు మీదికి చేరేసరికి నీళ్లు అంచు దాకా నిండి, వెనక నుంచి ఎవరో తోస్తున్నట్టు గట్టును ఒత్తుతున్నాయి. పూడ్చిన చోట ముందు సన్నగా చెమర్చింది. ఆయన బస్తా మీద బస్తా వేశాడు, వీపు ఆనించి నిలబడ్డాడు. అది ఆగింది. ఆగిందని ఊపిరి పీల్చుకునే లోపు అవతల, పొక్లెయిన్ తాకనే తాకని చోట, నాన్న పోయించిన పాత గట్టు మెత్తబడి పెద్ద పెళ్లగా విరిగి మళ్లలోకి కూలింది. నీళ్లు వంకరమడిలో పడి, అక్కడి నుంచి అమ్మమ్మమడిలోకి పరుగెత్తాయి. ఇంత జరిగినా పూడ్చిన చోటు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆయన సముద్రాన్ని తిట్టాడు. తనకు తెలిసిన తిట్లన్నీ అయిపోయే దాకా తిట్టాడు. చెల్లెలు కొంచెం దూరంలో నిలబడి ఉంది. ఆమె మెడలో కెమెరా ఉంది, కాళ్ల దగ్గర పరికరాల పెట్టె ఉంది. వాటిని ముట్టుకోలేదు. నీళ్లు తగ్గే దాకా ఇద్దరూ అలాగే ఉన్నారు, ఒకరి దగ్గరికి ఒకరు రాలేదు.

మర్నాడు ఆమె వెనక గది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. ఎగువ మళ్లు ఇంకా బాగానే ఉన్నాయి, వాటికి దిగువన ఒక అడ్డగట్టు వేస్తే కొన్నేళ్లు ఆగుతాయి అని చెప్పింది. ఉప్పునీరు వచ్చిన నేలనూ, కాపాడుకుంటూ సాగు చేసిన నేలనూ పక్కపక్కన పోల్చి చూడటం కేంద్రానికి కూడా అవసరమే, పొక్లెయిన్ కేంద్రమే ఇస్తుంది అంది.

"అంటే నేను కూడా మీ గొట్టాల్లో ఒకణ్ని. నన్ను కూడా కొలుస్తారు."

ఆమె కాదనొచ్చు. కాదంటే ఆయన మొహం తేలికపడేది కూడా.

"అవును. నువ్వు నీళ్లు ఎంత పెట్టావో, ఎప్పుడు పెట్టావో, ఎంత పండిందో అన్నీ రాసుకుంటాం. ఏడెనిమిదేళ్ల తర్వాత అది కూడా పోవచ్చు. అప్పుడూ రాసుకుంటాం. సగం చెప్పి ఊరుకోను ఇక."

గట్టు ఆమె మొహాన తలుపు వేశాడు. సాయంత్రానికి తెరిచి రెండు షరతులు చెప్పాడు. తను పిలవనిదే డైరెక్టరుతో సహా ఎవరూ ఎగువ మళ్లలో కాలు పెట్టకూడదు. చెల్లెలు మాత్రం పెట్టాలి. నాట్ల నుంచి కోతల దాకా పనిలోకి దిగాలి. దగ్గరుండటం అంటే ఏంటో తెలుసుకోవాలి. ఆమె రెండూ ఒప్పుకుంది.

అడ్డగట్టు పడింది. నాట్లు మొదలయ్యాయి. చెల్లెలికి నాటడం రాలేదు. ఆమె నాటిన వరుస తాగి నడిచినవాడి అడుగుల్లా ఉండేది. పొద్దస్తమానం గట్టు ఆమెను తిడుతూనే ఉండేవాడు. పైకి నాటుతున్నావని, లోతుగా నాటుతున్నావని, చేత్తో నాటుతున్నావా కాలితోనా అని. ఆమె ఇప్పుడు ఊరుకోవడం మానేసింది. తిరిగి అనేది. నడుము పట్టేసి లేవలేకపోతున్నా గట్టిగా అనేది. ఇద్దరి అరుపులూ ధాన్యపు గదిలో గాజు గొట్టాల మధ్య కూర్చున్నవాళ్లకు కూడా వినిపించేవి. వదిన ఇద్దరికీ మధ్యలో నాటుకుంటూ, ఎవరి మాటా పట్టించుకోకుండా తన వరుస తను పూర్తి చేసేది.

దిగువ మళ్ల వైపు గట్టు వెళ్లడం మానేశాడు. అక్కడ నీళ్లు వచ్చి పోతున్నాయి. దుబ్బగా, కండపట్టిన ఆకులతో ఏదో మొక్క మొలిచిందని కేంద్రంవాళ్లు సంబరపడ్డారు. చూస్తావా అని చెల్లెలు అడిగితే, అమ్మమ్మమడిలో మొలిచిన కలుపును చూసి నేను చప్పట్లు కొట్టాలా అన్నాడు.

ఆ నాట్లు ఇంకా సగంలో ఉండగానే దూరం నుంచి పెద్ద పెద్దవాళ్లు కేంద్రాన్ని చూడటానికి వచ్చారు. డైరెక్టరు వాళ్లను ఎగువ మళ్ల అంచు దాకా తీసుకొచ్చి, షరతు గుర్తుండి అక్కడే ఆగాడు. మోకాలి లోతు బురదలో ఉన్న గట్టును చూపిస్తూ, ఈ కుటుంబం శాస్త్రం కోసం గొప్ప మనసుతో తమ పొలాన్ని ఇచ్చిందని చెప్పాడు. అతిథులు ఆయన వైపు గౌరవంగా తలలు ఊపారు. ఒకాయన ఫోటో తియ్యబోయాడు.

గట్టు నడుము ఎత్తాడు. చేతిలో నారు కట్ట ఉంది.

"గొప్ప మనసేం లేదండీ. నాకు అర్థం కాక సంతకం పెట్టాను. చెబితే ఆ మాటే చెప్పండి, లేకపోతే ఊరుకోండి."

అతిథులు డైరెక్టరు వైపు చూశారు. డైరెక్టరు నవ్వబోయి, రైతులు కదా, సరదాగా అంటుంటారు అని ఏదో సర్దబోయాడు. అప్పుడు కొంచెం అవతల నుంచి చెల్లెలు లేచింది. మోచేతుల దాకా బురద, చెంప మీద బురద. ఈవిడ కూడా శాస్త్రవేత్తేనని డైరెక్టరు చెప్పే దాకా వాళ్లకు తెలియలేదు.

"సరదాకి అనలేదు," అంది ఆమె. "మా అన్నయ్యకు అర్థం కాలేదు. అర్థం కాకుండా ఉండేలా చెప్పింది నేను. ఈ కేంద్రం అలా మొదలైంది. మీరు రాసుకునేదాంట్లో అది కూడా రాసుకోండి."

ఫోటో తియ్యబోయినాయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. డైరెక్టరు మొహం గంటు పెట్టుకుని అతిథులను ధాన్యపు గది వైపు మళ్లించాడు. ఆ సాయంత్రం ఆమెను గదిలోకి పిలిచి చాలాసేపు మాట్లాడతాడని, పై ఏడు ఆమెను ఈ కేంద్రంలో ఉంచడం అనుమానమేనని అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

చెల్లెలు అన్న వైపు చూసింది. ఆయన ఏదో ఒకటి అంటాడని చూసి ఉంటుంది. ఆయన లోపల ఇంకా మండుతూనే ఉంది. దిగువ మళ్లు పోయాయి, నాన్న గది పోయింది, నలుగురి ముందు ఒక నిజం చెప్పినంత మాత్రాన అవి తిరిగి రావు. అది ఆమెకూ తెలుసని ఆమె మొహమే చెబుతోంది. క్షమించాను అనే మాట ఆయన నోటికి అలవాటు లేదు, అది రానూ లేదు.

"నీ చేతిలో నారు వాడిపోతోంది," అన్నాడు. "నిలబడి చూస్తే అది నాటుకోదు."

"తెలుసు. నువ్వు జరిగితే నాటుతాను. నా వరుసలో నిలబడ్డావు."

ఆయన కిందికి చూసుకున్నాడు. నిజమే, ఆమె వరుసలోనే నిలబడ్డాడు. గొణుక్కుంటూ పక్కకు జరిగాడు.